దానమిచ్చిన ఆవుకూ పళ్లు చూడాల్సిందే

దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచినట్లని పెద్దలు ఒక సామెత చెబుతారు. ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టడం మర్యాద కాదని దాని భావం. ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి మధ్య ఈ మర్యాద బాగానే ఉంటుంది. గోశాల గేటు దగ్గర మాత్రం ఇదే మర్యాద మూగజీవాల ప్రాణం మీదికి తెస్తున్నది.

సంతలో ఎద్దును కొనే రైతును చూడండి. మూతి తెరిచి రెండు పళ్లా, నాలుగు పళ్లా, కడపళ్లు వచ్చాయా అని చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. డెక్కలు, కళ్లు, తోక కింద పెండ జాడ చూస్తాడు. దగ్గు ఉన్నదేమో వింటాడు. డబ్బు పెట్టి కొనే పశువుకు ఇన్ని పరీక్షలు. మొక్కుగా వచ్చిన దూడకు, లారీలో పట్టుబడి వచ్చిన ఆవుకు, రోడ్డు మీద నుంచి తోలుకొచ్చిన గొడ్డుకు ఒక్క పరీక్షా ఉండదు. తాడు చేతికందితే చాలు, మందలోకి తోలేస్తారు. మనిషి సర్కారు దవాఖానాకు పోతే ముందు చిట్టీ రాయించుకోనిదే లోపలికి పోనివ్వరు. వందల పశువులుండే చోటికి కొత్త పశువు వస్తే ఆ చిట్టీ ఎందుకు లేదన్నదే ప్రశ్న.

రాజన్న కోడెలు

కురవి వీరభద్రస్వామిని కొలిచే ఊళ్ల వారే వేములవాడ రాజన్నకూ మొక్కుతారు. పంట చేతికొస్తే, సంతానం కలిగితే, రోగం నయమైతే కోడెను కడతామని అనుకోవడం తండాల్లోనూ, పల్లెల్లోనూ తరతరాల ఆచారం. చాలామంది దేవస్థానంలో రుసుము కట్టి, అక్కడి కోడెనే గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. దీనితో చిక్కు లేదు. కొందరు మాత్రం ఇంట్లో పుట్టిన కోడెదూడనే ట్రాలీ ఆటోలో ఎక్కించి నూట యాభై కిలోమీటర్లకు పైగా తీసుకుపోయి అప్పగించి వస్తారు. ఆ దూడలు చేరేది తిప్పాపూర్‌లోని దేవస్థానం గోశాలకు.

2025 మే నెలాఖరులో ఆ గోశాలలో రోజుల వ్యవధిలో పదికి పైగా కోడెలు చనిపోయాయి. పట్టేదానికన్నా రెట్టింపుకు మించి పశువులను ఒకే చోట ఉంచారని, అకాల వర్షాలకు నేలంతా బురదై పడుకునే జాగా కూడా లేకపోయిందని విమర్శలు వచ్చాయి. ఆ తరువాత అధికారులు కదిలారు. పశువైద్యులను రప్పించారు. కోడెలను రైతులకు ఉచితంగా పంచి రద్దీ తగ్గించారు. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గోశాలలకు ఒక విధానం రూపొందించేందుకు ముగ్గురు ఉన్నతాధికారులతో కమిటీ వేసింది. వేములవాడ, యాదగిరిగుట్టతో పాటు హైదరాబాదు శివారు ఎన్కేపల్లిలోనూ, పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనూ పెద్ద గోశాలలు కట్టాలని నిర్ణయించింది.

జాగా పెరగడం మంచిదే. యాభై ఎకరాలు ఇచ్చినా, గేటు దగ్గర చూసేవారు లేకపోతే రోగం కూడా యాభై ఎకరాల్లో తిరుగుతుంది.

మూడు రోజుల్లో ఏమవుతుంది

ఇంటి దగ్గర గంతులేసిన దూడ అక్కడికి చేరిన మూడోనాటికే ఎలా చచ్చిపోతుందని పలువురు ఆశ్చర్యపోతారు. దిష్టి తగిలిందనే వారూ ఉన్నారు. కారణం చాలావరకు ప్రయాణంలోనే ఉంటుంది.

గొంతువాపు వ్యాధి సంగతే తీసుకుందాం. ఆ క్రిమి కొన్ని పశువుల గొంతులో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. పశువు అలసిపోయినా, తడిసినా, ఒక పూట మేత, నీళ్లు లేకపోయినా ఒంట్లో బలం తగ్గుతుంది. అప్పుడు అది విజృంభిస్తుంది. 104 నుంచి 106 డిగ్రీల జ్వరం, గొంతు కింద వాపు, గురక. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆలోగా ఆ పశువు తాగిన తొట్టిలో పక్కవన్నీ మూతి పెడతాయి. టీకా ఉన్నది. అయితే వేసిన రెండు మూడు వారాలకు గాని బలం రాదు. ఆటో ఎక్కించే రోజున వేయించిన టీకా దారిలో కాపాడదు.

గాలికుంటు లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల నుంచి రెండు వారాల వరకు పడుతుంది. ముద్దచర్మ వ్యాధికి ఇంకా ఎక్కువ రోజులే పట్టవచ్చు. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో మొదలై దేశమంతా పాకి లక్షకు పైగా పశువులను బలి తీసుకున్నది ఈ ముద్దచర్మ వ్యాధే. ఈగలు, దోమలు, పిడుదులు దాన్ని మోసుకుపోతాయి. చూడడానికి నున్నగా ఉన్న పశువు లోపల రోగం మోస్తూ రావచ్చు. అందుకే కొత్తగా వచ్చినదాన్ని కనీసం 21 రోజులు వేరే కొట్టంలో, వేరే తొట్టితో, వీలైతే వేరే మనిషి చేతుల మీద ఉంచాలని పశువైద్యులు చెబుతారు. పాత మందకు మేత వేసి ఆ తరువాత కొత్తవాటి దగ్గరికి పోవాలి. కొత్తవాటిని తాకిన చేతులతో, చెప్పులతో మందలోకి తిరిగి రాకూడదు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. గేటు పక్కన నాలుగు గుంజల పాక, ఒక గోలెం, ఒక సున్నపు బస్తా చాలు.

ఆ 21 రోజుల్లో చేయాల్సిన పని చాలా ఉన్నది. వచ్చిన రోజునే జ్వరం చూడాలి. పశువుకు మామూలుగా 101, 102 డిగ్రీల వేడి ఉంటుంది. పళ్లను బట్టి వయసు, ఛాతీ చుట్టుకొలతను బట్టి బరువు రాయాలి. పెండ పరీక్ష చేయించి ఏలికపాములకు, జలగ పురుగులకు మందు తాగించాలి. పిడుదులు తీయాలి. కుంటు, పుండ్లు, కంటి నీరు చూడాలి. చెవికి నంబరు బిళ్ల వేయాలి. బిళ్ల ఇదివరకే ఉంటే ఆ పన్నెండు అంకెలు పుస్తకంలోకి ఎక్కించాలి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకాలు వేస్తూ ఈ బిళ్లలు వేస్తున్నారు. ఆ నంబరుతో పశువుకు ఏ టీకా ఎప్పుడు వేశారో తెలుసుకోవచ్చు.

రెండు పరీక్షలు మనుషుల కోసం కూడా చేయాలి. ఒకటి క్షయ. మెడ చర్మంలోకి చిన్న సూదిమందు వేసి 72 గంటల తరువాత వాపు కొలుస్తారు. రెండోది పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లా వ్యాధి. ఇది పశువు ఈసుకుపోయిన మాయ నుంచీ, కాచని పాల నుంచీ మనుషులకు సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులతో నెలల తరబడి మనిషిని కుంగదీస్తుంది. గోశాలలో పెండ తీసేవారు పేదవారు. చేతులకు తొడుగులు లేకుండానే మాయలు ఎత్తి పోస్తుంటారు. వారి జ్వరానికి కారణం ఎవరూ వెతకరు.

కడుపులో ఏముందో

రోడ్ల మీద తిరిగే పశువుల సంగతి ఇంకా వేరు. 2010 ప్రాంతంలో అనంతపురం మునిసిపాలిటీ వారు ముప్పైకి పైగా వీధి పశువులను పుట్టపర్తిలోని కరుణా సొసైటీ ఆశ్రయానికి అప్పగించారు. కొన్ని కొద్దికాలానికే చనిపోయాయి. కోసి చూస్తే కడుపు నిండా ప్లాస్టిక్ సంచులు. మిగిలిన వాటికి డొక్కలో కోత పెట్టి తీస్తే ఒక్కొక్క దాని నుంచి పదుల కిలోల ముద్ద బయటపడింది. అందులో మేకులు, నాణేలు, తోలు ముక్కలు. ఆ సంస్థ, మరికొందరు కలిసి 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

పైకి చూస్తే ఆ పశువులకు పొట్ట నిండుగానే కనిపిస్తుంది. మేత మానేసినా బాగా తిన్నదనుకుంటారు. చచ్చాక కోసి చూసిన వారికే అసలు సంగతి తెలిసింది. చచ్చిన ప్రతి పశువుకూ శవపరీక్ష చేయించి కారణం రాసి పెట్టే గోశాలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయేమో. వృద్ధాప్యం, అనారోగ్యం అన్న రెండు మాటలతో పుస్తకం మూసేస్తే మరునాడు చావబోయే పశువుకు దానివల్ల మేలేమీ లేదు.

ఒక్క చోట మాత్రం కోత పెట్టకూడదు. అప్పటిదాకా బాగున్న పశువు హఠాత్తుగా పడి, ముక్కు నుంచి, వెనుక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే అది దొమ్మ కావచ్చు. కోస్తే ఆ క్రిమి నేలలో చేరి ఏళ్ల తరబడి బతుకుతుంది, మనుషులకూ సోకుతుంది. ఇదెక్కడో దూరదేశపు మాట కాదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు దొమ్మతోనే చనిపోయాయి. అలాంటి దాన్ని సున్నం చల్లి లోతైన గోతిలో పూడ్చాల్సిందే. ఈ తేడా తెలిసిన మనిషి ఒక్కరైనా గోశాలలో ఉండాలి గదా.

చట్టం ఉన్నది

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని ఎవరైనా అంటే వారు చట్టం చూడలేదని అర్థం. పోలీసులు కేసు కట్టి పట్టుకున్న పశువుల గురించి కేంద్రం 2017 మేలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పశువును స్వాధీనం చేసుకోగానే ఆ ప్రాంత పశువైద్యాధికారి చేత ఆరోగ్య పరీక్ష చేయించాలి. గుర్తు వేయించాలి. ఆ గుర్తు చెవి బిళ్లగానో, అంతకన్నా నొప్పి తక్కువైన పద్ధతిలోనో ఉండాలి. కాల్చి వాతలు పెట్టడం నిషేధం. కేసు తేలేవరకు పశువు పోషణకయ్యే ఖర్చును యజమానితో పాటు బండి యజమాని కూడా భరించేటట్లు మేజిస్ట్రేటు పూచీకత్తు రాయించుకోవచ్చు.

వాతల మాట వచ్చింది గనుక చెప్పాలి. వెనక దేవుడి పేర వదిలిన ఆబోతుకు అచ్చు వేసేవారు. అచ్చోసిన ఆంబోతు అన్న మాట అలాగే పుట్టింది. అది తిట్టుగా మారింది గాని, ఆ రోజుల్లో ఆ ఆబోతు ఎవరి చేలో పడినా కొట్టేవారు కారు. కుంటితే ఊరివాళ్లే మందు కట్టేవారు. ఒక ఊరికి ఒక ఆబోతు. ఇప్పుడు వందల కోడెలకు ఒక గోశాల.

నిబంధనలు ఉన్నా ఆచరణ వేరుగా ఉంటున్నది. ఒక సరకు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించరాదని 1978 నుంచీ రూలున్నది. రాత్రిపూట పట్టుబడే లారీల్లో అంతకు రెట్టింపు, మూడింతలు ఉంటాయి. కాళ్లు విరిగినవి, ఊపిరాడక సొమ్మసిల్లినవి, చూలువి అన్నీ కలిపి దగ్గరలోని గోశాలకు తోలి రసీదు రాయించుకుంటారు. ఆ రసీదులో తలల లెక్క ఉంటుంది. ఏ తలకు ఏ దెబ్బ ఉన్నదో ఉండదు. వారం తరువాత పది చచ్చిపోతే లారీలో తగిలిన దెబ్బలతో పోయాయా, గోశాలలో మేత లేక పోయాయా అని తేల్చే దారి ఎవరి దగ్గరా లేదు. గేటు దగ్గరి పరీక్ష గోశాల నడిపే పెద్దమనుషులకు కూడా రక్షణేనని వారు గ్రహించాలి.

గుర్తు లేని పశువు ఎటు పోయినా అడిగే నాథుడుండడు. వేములవాడ నుంచి పెంపకానికి ఇచ్చిన కోడెలను అమ్ముకున్నారన్న ఆరోపణ 2024లో మన పక్కనే ఉన్న వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలో పోలీసు కేసు దాకా వెళ్లింది. నిజానిజాలు తేల్చడం కోర్టుల పని. ప్రతి కోడె చెవికీ నంబరు, ఆ నంబరు ఎదురుగా తీసుకున్నవారి పేరు, ఆరు నెలలకోసారి పశువైద్యుడు వెళ్లి చూసి వచ్చిన తేదీ ఉంటే అసలు ఇంత దూరం వస్తుందా?

ప్రసాదంతో చంపడం

భక్తి ఎక్కువై చచ్చే పశువులు కూడా ఉన్నాయంటే కొందరికి కోపం రావచ్చు. పండుగ రోజున గోశాలకు వచ్చినవారు తలా ఒక డజను అరటిపండ్లు, బెల్లం అచ్చులు, నానబెట్టిన బియ్యం, గుగ్గిళ్లు, పొంగలి పెడతారు. ఒక్కరు పెడితే ఫరవాలేదు. వందమంది పెడతారు. ఆవు కడుపు గడ్డిని నానబెట్టి అరిగించుకునే పెద్ద కాగు లాంటిది. అందులో ఒక్కసారిగా పిండి పదార్థం పడితే పులిసి ఆమ్లం పుడుతుంది. డొక్క ఉబ్బి, నెమరు ఆగి, తూలి పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో చావవచ్చు. పచ్చిమేత కూడా తెలియక వేస్తే ముప్పే. జొన్న నాము తిని పశువు గిలగిల కొట్టుకోవడం మన రైతులకు తెలియనిది కాదు. యూరియా దండిగా వేసిన లేత గడ్డిలోనూ విషం చేరుతుంది.

2019 ఆగస్టులో విజయవాడ దగ్గర కొత్తూరు తాడేపల్లి గోశాలలో ఒక్క రాత్రిలో సుమారు వంద ఆవులు చనిపోయాయి. మేత మీదనే అనుమానం పోయింది. ప్రభుత్వం దర్యాప్తు జరిపించింది. వంద పశువులకు ఒకే రోజు ఒకే మేత వేసే చోట, కొత్తగా వచ్చిన మోపును ముందు రెండు మూడు పశువులకే వేసి చూడడం అనే చిన్న జాగ్రత్త ఎంత విలువైనదో ఆలోచించాలి. పెద్ద పశువు ఒకటి రోజుకు పదిహేను ఇరవై కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుగడ్డి తింటుంది. దానం చేయదలచినవారు ఎండుగడ్డి మోపు ఇస్తే అది నెల రోజులుంటుంది. అరటిపండ్ల బుట్ట ఇస్తే ఆ పూటకే ముప్పు.

కోడెలు ఎందుకు పెరిగాయి

గోశాలల మీద నెపమంతా వేసి మనం చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. దున్నడానికి ట్రాక్టరు వచ్చింది. పాలకు జెర్సీ సంకరజాతి ఆవు వచ్చింది. దానికి పెయ్య పుడితే పండుగ, కోడె పుడితే బరువు. కోడె తాగే పాలు కేంద్రంలో పోస్తే డబ్బు వస్తుంది. అందుకని పుట్టిన పది పదిహేను రోజులకే దేవుడికని తీసుకుపోయేవారు ఉన్నారు. ఇది మొక్కా, వదిలించుకోవడమా అన్నది వారి మనస్సాక్షికే తెలియాలి.

పుట్టిన మొదటి కొద్ది గంటల్లో లేగ బరువులో పదో వంతు ముర్రుపాలు తాగాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాల నుంచే వస్తుంది. ముర్రుపాలు తాగని, నెల నిండని, ఏలిక మందు పడని దూడను తల్లి నుంచి విడదీసి వంద రకాల పశువుల మధ్య వదిలితే ఏ వైద్యుడూ బతికించలేడు. గాలికుంటు మొదటి టీకాయే మూడు నాలుగు నెలలకు గాని వేయరు. గొంతువాపు, జబ్బవాపు టీకాలకు ఆరు నెలలు నిండాలి. దూడకు గడ్డి తినడం రావాలి. ఆరు నెలల లోపు కోడెను ఏ దేవస్థానమూ స్వీకరించకూడదని నియమం పెడితే సగం చావులు ఆగిపోతాయని పశుపోషకులే అంటున్నారు.

భక్తుడు తెచ్చిన కోడెను గేటు నుంచి తిప్పి పంపితే మనసు నొచ్చుకోదా అని దేవస్థానాల వారు వెనకాడుతుంటారు. నొచ్చుకోవచ్చు. ముందే తెలిస్తే నొచ్చుకోడు. పంచాయతీ నోటీసు బోర్డు మీద, పాలకేంద్రం గోడ మీద, బస్టాండులో ఒక కాగితం అంటిస్తే చాలు: కోడెను తెచ్చేవారు పశువైద్యుని ధ్రువపత్రం, టీకా వివరం, చెవి బిళ్ల నంబరు తేవాలని.

కురవిలో చేయదగినది

ఈ పని వేములవాడ వారు మొదలుపెట్టేదాకా మనం ఆగనక్కరలేదు. పశువు బయలుదేరేది ఇక్కడి కొట్టం నుంచే. మొక్కు ఉన్న ఇంటివారు ప్రయాణానికి నెల ముందే మండల పశువైద్యశాలకు దూడను తోలుకుపోయి టీకాలు వేయించి, పెండ పరీక్ష చేయించి, చీటీ రాయించుకోవచ్చు. రైతు ముంగిటికే వైద్యం రావాలని 2017 సెప్టెంబరులో రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు కూడా ప్రారంభించారు. ఆటోలో కింద వరిగడ్డి పరిచి, దారిలో రెండు చోట్ల నీళ్లు పెట్టి, ఎండ ఎక్కకముందే చేర్చాలి. పశువైద్యశాఖ వారు దీనికి ఒక ముద్రిత ఫారం పెడితే మేలు. పట్టుబడిన పశువులను అప్పగించేటప్పుడు పోలీసు వారికీ అదే ఫారం పనికివస్తుంది.

వెనక ఊరూరా బందెలదొడ్డి ఉండేది. చేలో పడిన పశువును తోలి కట్టేస్తే దొడ్డి కాపరి పుస్తకంలో రంగు, కొమ్ములు, వచ్చిన తేదీ రాసేవాడు. మేత, నీళ్లు పెట్టడం అతని బాధ్యత. దొంగిలించిన గొడ్డు కూడా ఆ పుస్తకంతో దొరికిన సందర్భాలను పెద్దలు చెబుతారు. ఆ పుస్తకంలో ఒక్క గడి తక్కువ. ఒంట్లో ఎలా ఉన్నదన్న గడి. ఇప్పుడు కట్టబోయే గోశాలల్లోనైనా ఆ గడితో సహా పుస్తకం గేటు దగ్గర పెట్టి, అది రాసే మనిషికి జీతమిచ్చి కూర్చోబెట్టాలి. షెడ్లకు టెండర్లు పిలిచేటప్పుడే గేటు పక్కన విడి కొట్టం, ఒక పశువైద్యుని పోస్టు, ఒక సహాయకుని పోస్టు కూడా అంచనాలో చేర్చాలని దేవాదాయ శాఖను, పశుసంవర్ధక శాఖను రైతులు అడగాలి. షెడ్డు పైకప్పు పడ్డాక అడిగితే బడ్జెట్టు లేదంటారు.

మహాశివరాత్రి జాతరకు మొక్కులు మాఘమాసంలో మొదలవుతాయి. కోడెను ఇవ్వదలచినవారికి టీకా వేయించే గడువు సంక్రాంతి.